తలకాయ తూకం

(వాటర్లూలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకి మాస్టారంటే ఎవరో చెప్పక్కర్లేదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు మనలో లేరు. పిలవకపోవడమే బాగుందనేవారు ఆయన కూడా. కృష్ణా జిల్లా హైస్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి, రిటైరై కొడుకు దగ్గరికి ఈ ఊరొచ్చారు. బేస్‌మెంట్‌లో నాలుగు మడతకుర్చీలు, ఒక తెల్లబోర్డు వేసుకుని శనివారం శనివారం మన పిల్లలకి మళ్ళీ లెక్కలు మొదలుపెట్టారు. ఫీజు లేదు. పైగా వచ్చిన పిల్లలకి వాళ్ళావిడ చేసిన జంతికలు ఉండేవి.

ఈ ఉపన్యాసం నేను ఆయనకి బాకీపడ్డ జవాబు.

ఒక అక్టోబరులో ఇద్దరం సెయింట్ జేకబ్స్ సంతకి వెళ్ళాం. మెనోనైట్ రైతుల గుర్రపుబళ్ళు ఒకవైపు, రాశులు పోసిన గుమ్మడికాయలు ఒకవైపు. మాస్టారు ఒక కాయని రెండు చేతులా ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, వేలితో తట్టి చూసి దించేశారు. ఉన్నట్టుండి అడిగారు: "ఏమోయ్, నువ్వు ఫిజియాలజీ పాఠాలు చెప్పినవాడివి కదా. తల పెద్దదైతే తెలివి ఎక్కువంటారు. నిజమేనా? నీళ్ళు నమలకుండా చెప్పు."

ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. అంతకు ముందు వారం ఒక తల్లి తన కొడుకుని ఆయన దగ్గరికి తీసుకొచ్చింది. తొమ్మిదేళ్ళవాడు. నెలలు నిండకుండా పుట్టాడు, తల కాస్త చిన్నదే. "వాడి బుర్ర చిన్నది మాస్టారూ, లెక్కలు ఎక్కవు. అయినా కాసేపు కూర్చోబెట్టుకోండి" అందావిడ, వాడు పక్కనే నిలబడి ఉండగా.

సంతలో నేను "కొంచెం ఉంది మాస్టారూ, కానీ..." అన్నాను. అంతలో ఎవరో తెలిసినవాళ్ళు పలకరించారు. మాట అక్కడే ఆగిపోయింది. ఆ తరవాత మేమిద్దరం దాన్ని మళ్ళీ ఎత్తుకోనేలేదు. ఆ 'కానీ' తరవాత రావలసినదంతా ఈ సాయంత్రం చెప్పాలని వచ్చాను.

తల సంగతి నాకు పుస్తకాల్లో మాత్రమే తెలిసినది కాదు. మా నాయనమ్మ పసిపిల్లల్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది. పోస్తూ అరచేతులతో తలని నాలుగువైపులా ఒత్తి గుండ్రంగా తీర్చేది. మాడు మీద ఆముదం చుక్క వేసి, ఆ మెత్తటి చోటు గుండెతోపాటు ఎగసి పడుతుంటే వేలి కొనతో చూపించేది. "చూడు, లోపల బుద్ధి కొట్టుకుంటోంది" అనేది. ఆ మాడు మూసుకునేలోపు లోపల ఎంత పని జరుగుతుందో నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. పుట్టిన బిడ్డ మెదడు సుమారు 350 నుంచి 400 గ్రాములుంటుంది. రెండేళ్ళు వచ్చేసరికి పెద్దవాళ్ళ మెదడులో ఐదింట నాలుగు వంతులు అవుతుంది.

ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. హైస్కూల్లో పరేడుకి టోపీలు కుట్టించడానికి మా తలలు దారంతో కొలిచారు. అందరిలోకీ నాదే చిన్నది. కొలిచిన ఆయన ఆ దారం అందరికీ ఎత్తి చూపించి, "అందుకే వీడికి ఎక్కాలు నిలవవు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ దారం పొడుగు ఇప్పటికీ నా కళ్ళముందు వేలాడుతుంది. అందుకే ఆ తొమ్మిదేళ్ళ కుర్రాడి సంగతి విన్నప్పుడు నాకు కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది.

ముందు 'కొంచెం ఉంది' అన్నదాని సంగతి చూద్దాం. ఇక్కడ మనకి నచ్చే మాట చెప్పి తప్పుకోకూడదు. పరిమాణానికీ తెలివికీ సంబంధమే లేదు అని చాలామంది మంచి మనసుతో అంటారు, అది నిజం కాదు. ఈ సంగతి మీద గట్టి పని ఇక్కణ్ణించి గంట దూరంలోని హామిల్టన్‌లో జరిగింది. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో సాండ్రా విటెల్సన్ అనే శాస్త్రవేత్త 1970ల చివరినుంచి మెదళ్ళు పోగుచేశారు. క్యాన్సర్‌తో ఉన్న మనుషులు, ఇక ఎక్కువ కాలం బతకమని తెలిసినవాళ్ళు, ఇష్టపూర్వకంగా కూర్చుని తెలివితేటల పరీక్షలు రాసి, తాము పోయాక మెదడు తీసుకోమని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు ఎంత పెద్ద దానమో ఒక్క క్షణం ఆలోచించండి. అలా కూడిన 100 మెదళ్ళ ఫలితాలు 2006లో వచ్చాయి. భాషకి సంబంధించిన తెలివిలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 36 శాతం దాకా మెదడు పరిమాణంతో ముడిపడి కనిపించింది. అయితే అది ఆడవాళ్ళలోనూ, కుడిచేతివాటం మగవాళ్ళలోనూ మాత్రమే. కుడిచేతివాటం కాని మగవాళ్ళలో ఆ ముడి కనబడలేదు.

36 శాతం తక్కువేమీ కాదు. కానీ వందమంది మీద కనిపించింది వేలమంది మీద నిలవాలి కదా. బతికున్నవాళ్ళ మెదడుని ఎమ్మారైతో కొలవడం వచ్చాక అధ్యయనాలు కుప్పలుగా వచ్చాయి. 2015లో యాకోబ్ పీట్‌ష్నిగ్, ఆయన సహచరులు 88 అధ్యయనాలను, 8,000 మందికి పైగా మనుషుల్ని ఒకచోట చేర్చి లెక్కగట్టారు. సహసంబంధం 0.24 వచ్చింది. అంటే మనుషుల తెలివిలో తేడాల్లో సుమారు 6 శాతానికి మెదడు పరిమాణంతో ముడి ఉంది. 2019లో బ్రిటన్‌లో 13,600 మంది మీద చేసిన లెక్కలో అది 0.19కి దిగింది.

మాస్టారు ఉంటే "శాతాలు చెప్పకోయ్, పిల్లలకి అర్థమయ్యేలా చెప్పు" అనేవారు. ఇలా చెప్తాను. దారిన పోయే ఇద్దర్ని నిలబెట్టండి. ఎవరి మెదడు పెద్దదో వాళ్ళకే పరీక్షలో ఎక్కువ మార్కులొస్తాయని పందెం కాయండి. అలా వంద జతల మీద పందెం కాస్తే, 0.24 లెక్కన మీరు సుమారు 58 సార్లు గెలుస్తారు, 42 సార్లు ఓడిపోతారు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేస్తే 50. దేశాల జనాభా మీద లెక్కలు వేసేవాళ్ళకి ఆ ఎనిమిది గెలుపుల తేడా పనికొస్తుంది. బేస్‌మెంట్‌లో మడతకుర్చీ మీద కూర్చున్న ఒక్క పిల్లవాడి గురించి అది చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. మగవాళ్ళ మెదడు ఆడవాళ్ళ మెదడు కన్నా సగటున పదో వంతు పెద్దది, తెలివి పరీక్షల సగటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో అన్నాచెల్లెళ్ళని పక్కపక్కన పెట్టి చూసిన ఏ తల్లికైనా ఇది తెలిసిన సంగతే.

హామిల్టన్‌కే ఇంకొక మెదడు వచ్చింది. 1955 ఏప్రిల్ 18న ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టయిన్ కన్నుమూశారు. శవపరీక్ష చేసిన థామస్ హార్వీ అనే డాక్టరు ఎవరి అనుమతీ లేకుండా మెదడు తీసేసుకున్నాడు. శాస్త్రానికే వాడాలన్న షరతు మీద ఐన్‌స్టయిన్ కొడుకు తరవాత ఒప్పుకున్నాడు. హార్వీ దాన్ని తూచి, ఫొటోలు తీసి, సుమారు 240 ముక్కలు చేసి సీసాల్లో పెట్టాడు. ఉద్యోగం పోయినా, ఊళ్ళు మారినా ఆ సీసాలు మాత్రం వదల్లేదు. దాదాపు నలభై ఏళ్ళ తరవాత, పోల్చి చూడగల మామూలు మనుషుల మెదళ్ళు విటెల్సన్ దగ్గర ఉన్నాయని తెలిసి, కొన్ని ముక్కల్ని హామిల్టన్ చేర్చాడు. 

ఐన్‌స్టయిన్ మెదడు బరువు 1,230 గ్రాములు. పోల్చడానికి తీసుకున్న 35 మంది మామూలు మగవాళ్ళ సగటు 1,400. ఇరవయ్యో శతాబ్దపు బుద్ధికి గుర్తుగా మనం చెప్పుకునే మెదడు, తక్కెడలో పెడితే, బ్యాంకు గుమస్తా మెదడు కన్నా తేలిక. 1999లో 'లాన్సెట్' పత్రికలో విటెల్సన్ బృందం అచ్చువేసిన వ్యాసం బరువు మీద ఆగలేదు. మెదడు పక్కభాగంలో, లెక్కలకీ ఆకారాల ఊహకీ పనికొచ్చే ప్రాంతం, మామూలు కన్నా 15 శాతం వెడల్పుగా ఉందనీ, అక్కడి మడతలు వేరేగా ఉన్నాయనీ చెప్పింది. ఆ మాట మీదా తగవులున్నాయి. ఆ ఫొటోలనే మళ్ళీ చూసిన డీన్ ఫాక్ అనే శాస్త్రవేత్త, విటెల్సన్ లేదన్న భాగం ఉందని వాదించారు. నాకు ఈ తగవు ఇష్టం. ఒక్కడి మెదడు చూసి ప్రతిభకి కారణం చెప్పడం ఎంత కష్టమో ఇది చూపిస్తుంది. ఆయన ఆ మెదడుతో పుట్టాడా, ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్నని నలిపి నలిపి అలా చేసుకున్నాడా అన్నది సీసాలో ముక్క ఎప్పటికీ చెప్పదు. ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్ మెదడు 1,017 గ్రాములు, రష్యన్ రచయిత తుర్గేనెవ్ మెదడు 2,012. ఒకరిది ఇంకొకరి దానికి దాదాపు రెట్టింపు. వాళ్ళ పుస్తకాలు చదివినవాళ్ళెవరూ ఇందులో ఇది కిలో బుర్ర రాసింది, ఇది రెండు కిలోల బుర్ర రాసింది అని చెప్పలేరు.

ఇప్పుడు కారు పడమటికి తిప్పండి. గంటా పావులో లండన్ వస్తుంది, మన అంటారియో లండన్. అక్కడి విశ్వవిద్యాలయంలో జె. ఫిలిప్ రష్టన్ అనే మనస్తత్వశాస్త్ర ప్రొఫెసరు ఉండేవాడు. 1989 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో ఆయన మనుషుల్ని మూడు జాతులుగా విడదీసి, తలల పరిమాణం, తెలివి, నడవడిక అన్నీ ఒకే వరసలో మెట్లు మెట్లుగా ఉన్నాయని చెప్పాడు. నల్లవాళ్ళని అన్నిటికన్నా కింది మెట్టు మీద పెట్టాడు. ఆ ఫిబ్రవరిలో జన్యుశాస్త్రవేత్త డేవిడ్ సుజుకీ లండన్ వచ్చి ఆయనతో ముఖాముఖి వాదించాడు, వేలమంది చూశారు. అంటారియో ప్రీమియర్ రష్టన్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలన్నాడు. తీయలేదు. 1992లో రష్టన్ అమెరికా సైన్యంలో 6,325 మందికి హెల్మెట్ల కోసం తీసిన తలకొలతల్ని తెచ్చి, జాతినీ పదవినీ వాటితో ముడిపెట్టి ఇంకో వ్యాసం రాశాడు. ఆ వ్యాసం చదివిన రోజు నాకు మా స్కూలు దారం మళ్ళీ కళ్ళముందు ఊగింది. 2020లో ఆయన పనిచేసిన మనస్తత్వశాస్త్ర విభాగమే రష్టన్ పని శాస్త్రం దృష్ట్యా లోపభూయిష్టమనీ, జాతివివక్షతో కూడినదనీ బహిరంగంగా ప్రకటించింది. అప్పటికి ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది.

తలకి టేపు చుడితే తెలిసేది ఎముక చుట్టుకొలత. దాంట్లో ఒంటి పొడుగు ఉంది, తిన్న తిండి ఉంది, పెరిగిన చోటి చలి ఉంది. చలిదేశాల్లో కపాలాలు సగటున పెద్దవని 1984లోనే ప్రపంచం నలుమూలల కపాలాలు పోల్చి చూపించారు, వేడిని నిలుపుకోవడానికి గుండ్రటి పెద్ద తల అనువు. వీటన్నిటినీ పక్కకు నెట్టి మిగిలింది తెలివి అనడం, గుమ్మడికాయ బరువు చూసి రైతు గుణం చెప్పడం లాంటిది.

ఇదేదో కెనడా తెల్లవాళ్ళ గొడవ అనుకుంటే పొరపాటు. మన తలలూ కొలతకి నిలబడ్డవే. 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్స్టన్ కాలిపర్లు పట్టుకుని ప్రెసిడెన్సీ అంతా తిరిగాడు. తల పొడుగు, తల వెడల్పు, ముక్కు వెడల్పు కులాల వారీగా రాసుకున్నాడు. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మన తెలుగు జిల్లాల కులాలన్నీ అందులో ఉన్నాయి. ఉత్తరాన 1901 జనాభా లెక్కల కమిషనరు రిస్లీ, ముక్కు ఎంత వెడల్పైతే ఆ కులం అంత కిందిదని సూత్రమే కట్టాడు. ముందు నిచ్చెన వేసుకుని తరవాత కొలతలు తెచ్చి దానికి తగిలించడమే ఇదంతా. ఆ కొలతలకి నిలబడ్డ మా తాతలకాలపు మనుషులు ఏమనుకున్నారో ఏ సంపుటంలోనూ లేదు. "వాడిది ఆ కులం, వాడికి ఇంతే ఎక్కుతుంది" అన్న మాట మన స్టాఫ్‌రూముల్లో ఇంకా వినపడుతుందని మాస్టారు బాధపడేవారు. ఆయన రిటైరయ్యే నాటికీ వినపడిందట.

ఒక సంగతి ఆలోచించండి. ఇంత కొలత పిచ్చి మన భాషలో లేదు. తెలివిగలవాణ్ణి మనం పెద్దతలవాడు అనం. చురుకైనవాడు, పదునైన బుర్ర, పాదరసం లాంటివాడు, ఏకసంథాగ్రాహి అంటాం. కుశాగ్రబుద్ధి అంటాం, అంటే దర్భ కొసంత పదునైన బుద్ధి. దర్భ కొస కన్నా సన్ననిది ఇంట్లో ఏముంది? తెలివి తక్కువవాణ్ణి మాత్రం మొద్దు అంటాం. మొద్దు అంటే లావుపాటి కట్టె. వేగం, పదును, పట్టు, ఈ మూడిటితోనే మన పెద్దవాళ్ళు బుద్ధిని చూశారు. ఈ కాలపు నాడీశాస్త్రం కూడా చాలావరకు అటే వెళ్తోంది.

బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ మెదడుని కరిగించి, పులుసులాగా చేసి, అందులో తేలే కణకేంద్రకాల్ని లెక్కపెట్టే పద్ధతి కనిపెట్టారు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు అని తేలింది అలాగే. ఏనుగు మెదడు మనదానికి సుమారు మూడు రెట్లు. అందులో 25,700 కోట్ల న్యూరాన్లు. ఐతే వాటిలో నూటికి తొంభై ఏడుకు పైగా వెనకనున్న చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకి ఆసరా అయిన పైపొరలో ఏనుగుకి 560 కోట్లు, మనకి సుమారు 1,600 కోట్లు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నది కాకి విషయంలో అక్షరాలా నిజం. న్యూ కాలెడోనియా కాకి మెదడు పది గ్రాములకి లోపే. అది పుల్లని తుంచి, కొసన కొక్కెం చేసి, చెట్టు తొర్రలోంచి పురుగుని లాగుతుంది. పక్షుల మెదడులో న్యూరాన్లు చాలా చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా సర్దుకుని ఉంటాయి. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో 2003లో దొరికిన చిన్నమనుషుల కపాలంలో మెదడుకి చోటు 400 ఘన సెంటీమీటర్ల పైచిలుకే, వాళ్ళున్న గుహలో రాతి పనిముట్లు దొరికాయి.

ఇక మన ఊరికి వద్దాం. ఈ హాలుకి కొద్ది దూరంలోనే, వాటర్లూ విశ్వవిద్యాలయంలో, క్రిస్ ఎలియాస్మిత్ బృందం 2012 నవంబరులో 'సైన్స్' పత్రికలో ఒక మెదడుని ప్రకటించింది. కంప్యూటర్లో కట్టిన మెదడు. పేరు స్పాన్. దానికి 25 లక్షల న్యూరాన్లు. మన మెదడులో 34 వేల వంతుల్లో ఒక వంతు. 28 చుక్కల పొడుగు, 28 చుక్కల వెడల్పున్న ఒక చిన్న కన్ను, రాసే ఒక చెయ్యి. అంతే. ఆ బుల్లి మెదడు ఎనిమిది పనులు చేసేది. చేతిరాత అంకెని చూసి గుర్తుపట్టడం, చూసినట్టే రాయడం, వరసగా చూపిన అంకెల్ని గుర్తుపెట్టుకుని తిరిగి రాయడం, లెక్కపెట్టడం, ప్రశ్నకి జవాబు, వగైరా. అన్నిటికన్నా ఎనిమిదోది నాకు అబ్బురం. 1, 11, 111 చూపించి, 4, 44, 444 చూపించి, 5, 55 దగ్గర ఆగితే, తరవాతది 555 అని తనకు తానే రాసేది. తెలివి పరీక్షల్లో మన పిల్లలకి ఇచ్చే లెక్కే అది.

ఎనిమిది పనులు అనగానే మాస్టారి ముఖం ఎలా వెలిగేదో నేను ఊహించగలను. అష్టావధానం! ఆయన బందరులో చిన్నప్పుడు చూసిన అవధానాల్ని నిన్న చూసినట్టు చెప్పేవారు. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, ఇంకొకడు దత్తపది, ఇంకొకడు ప్రతి అక్షరానికీ అడ్డుపడుతూ నిషిద్ధాక్షరి, పక్కనుంచి ఒకడు అప్రస్తుత ప్రసంగంతో మాట తప్పిస్తూ ఉంటాడు. మధ్యమధ్య ఎక్కడో గంట మోగుతుంది, ఎన్నిసార్లు మోగిందో అవధాని లెక్క ఉంచుకోవాలి. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పుకుంటూ పోయి, చివర పద్యాలన్నీ మొదటినుంచి ధారణ చెయ్యాలి. స్పాన్ ఎనిమిది పనుల్నీ ఒకదాని తరవాత ఒకటిగా చేస్తుంది, అవధాని ఎనిమిదిటినీ కలిపి మోస్తాడు. ఐనా ఇద్దరికీ ఒక పోలిక ఉంది, అది నన్ను నిద్రపోనివ్వదు. అంకెలు వరసగా ఇస్తే స్పాన్ మొదటివీ చివరివీ బాగా గుర్తుపెట్టుకుని, మధ్యవాటి దగ్గర తడబడుతుంది. అచ్చం మనలాగా. ఆ తప్పుని ఎవరూ దానికి నేర్పలేదు, అమరికలోంచే వచ్చింది.

ఆ అమరిక ఏమిటంటే, పెద్ద సంగతిని చిన్న ఆనవాలుగా కుదించి పెట్టుకోవడం, కావలసినప్పుడు ఆ ఆనవాలుని విప్పి మొత్తాన్ని బయటికి తీయడం. ఎలియాస్మిత్ సిద్ధాంతమంతా దాని చుట్టూ కట్టిందే. అవధాని చేసేదీ ఇంచుమించు అదే అనిపిస్తుంది నాకు. పాదం మొదటి అక్షరం, ప్రాస, యతి స్థానం పట్టుకుంటే పద్యమంతా దారంతో లాగినట్టు వస్తుంది. ఛందస్సు అతని తలలో చోటు పెంచదు, ఉన్నచోటనే సర్దుబాటు చేస్తుంది. తిరుపతి వేంకట కవులు శతావధానాల్లో వంద మందికి జవాబు చెప్పింది మామూలు తలలతోనే. ఏళ్ళ తరబడి పద్యాలు నెమరు వేసి వేసి లోపల దారులు వేసుకున్న తలలవి.

అలా దారులు వేసుకోవడం మన హైదరాబాదులో కూడా ఒక లెక్కలో కనిపించింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో, మతిమరుపు జబ్బుతో తమ దగ్గరికి వచ్చిన 648 మంది వివరాలు చూసి ఒక వ్యాసం వేసింది. వాళ్ళలో 391 మంది రెండో మూడో భాషలు మాట్లాడేవాళ్ళు, ఎక్కువగా తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు. ఆ భాషలు మార్చి మార్చి మాట్లాడేవాళ్ళకి జబ్బు లక్షణాలు ఒకే భాష వాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా కనిపించాయి. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా ఉంది. టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ 2007లో ఇలాంటి ఫలితమే చెప్పినప్పుడు, అక్కడి రెండు భాషలవాళ్ళలో చాలామంది వలసవచ్చినవాళ్ళు కాబట్టి కారణం వలసే కావచ్చన్నారు. హైదరాబాదులో ఆ సందేహానికి తావు లేదు. చార్మినార్ దగ్గర గాజులు అమ్మే ఆమె పుట్టినచోటే మూడు భాషల్లో బేరమాడుతుంది. ఈ ఫలితాన్ని ఒప్పుకోని అధ్యయనాలూ ఉన్నాయి, వాటినీ చదవాలి. కానీ ఇన్నేళ్ళ భాషల వాడకం మెదడు బరువుని పెంచిందని ఎవరూ అనలేదు, జబ్బు దాడిని తట్టుకునే సత్తువ ఇచ్చిందన్నారు. ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషులో వెనకబడతారని భయపడే తల్లిదండ్రులు ఈ ఊళ్ళో ఉన్నారు. ఆ భయాన్ని ఈ హాల్లోనే వదిలి వెళ్ళమని చేతులెత్తి అడుగుతున్నాను.

తల కొలవడం మానెయ్యమని నేను అనడం లేదు. పిల్లల డాక్టరు టేపు తలకి చుట్టి చార్టులో చుక్క పెడుతుంది చూడండి, ఆ కొలత ప్రాణం నిలబెడుతుంది. నెలలు గడుస్తున్నా చుట్టుకొలత పెరక్కపోతే తిండి చాలడం లేదనో, జబ్బుందనో అనుమానించాలి. మరీ వేగంగా పెరిగితే లోపల నీరు చేరిందేమో చూడాలి. తల్లికి అయోడిన్ తక్కువైతే బిడ్డ మెదడు దెబ్బతింటుంది, ఉప్పులో పిసరంత అయోడిన్ కలిపితే చాలు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో తెలివి పరీక్షల మార్కులు పదేళ్ళకి సుమారు మూడు చొప్పున పెరుగుతూ వచ్చాయని జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. ఒకటి రెండు తరాల్లో తలలు అంత పెరగలేదు. చదువు, తిండి, ఇంట్లో పుస్తకం, ఆలోచించమని అడిగే లోకం, ఇవి పెరిగాయి.

ఆ కుర్రాడి సంగతి చెప్పి ఆపుతాను.

వాణ్ణి మాస్టారు మిగతా పిల్లలతోనే కూర్చోబెట్టారు. లెక్క ఇచ్చి, స్టీలు గ్లాసు బోర్లించి పక్కన పెట్టుకునేవారు. వాడు లెక్క చేస్తుంటే మధ్యమధ్య చెంచాతో గ్లాసు మీద ఒక్కో దెబ్బ, ఒకోసారి రెండు. మధ్యలో "మీ ఊళ్ళో మంచు ఎప్పుడు పడుతుందిరా?" అని అప్రస్తుత ప్రసంగం. లెక్క పూర్తయ్యాక, "ఎన్ని గంటలు?" మొదట్లో వాడికి లెక్కా తప్పేది, గంటలూ తప్పేవి. వాళ్ళమ్మ మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండేది. నేనూ కొన్ని శనివారాలు ఆ మెట్ల మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

మాస్టారి చివరి చలికాలంలో ఒక శనివారం, కిటికీలోంచి మంచు కనబడుతోంది. వాడు రెండంకెల భాగహారం ఒకటి చేస్తున్నాడు. మాస్టారు గ్లాసు మీద కొడుతున్నారు, దగ్గు వచ్చి మధ్యలో ఆగారు, మళ్ళీ కొట్టారు. వాడు జవాబు రాసి, పెన్సిలు పక్కన పెట్టి, మాస్టారు అడక్కముందే అన్నాడు:

"పదిహేడు, మాస్టారూ. మీరు దగ్గినప్పుడు చెంచా జారి తగిలింది, అది నేను కలపలేదు."